పెదనాన్న హారన్

మార్కాపురం బజార్లో మా డ్రైవరు పెదనాన్న మేకకూ హారన్ కొడతాడు, ఖాళీ రోడ్డుకూ కొడతాడు. దోర్నాల దాటి నల్లమల అడవిలోకి వెళ్తే మాత్రం దాన్ని ముట్టుకోడు.

ఆయన కొడుకు పెళ్ళికి ఆత్మకూరు వెళ్తున్నాం. బస్సు ఆయనే నడుపుతున్నాడు. అడవిలో ఒక దుప్పి పిల్ల రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. బస్సు ఆగింది.

"నాయనా, ముహూర్తం దాటిపోతాది. ఒక్కసారి హారన్ కొట్టు," అన్నాడు పెళ్ళికొడుకు.

"రోడ్డు మనది గానీ అడవి వాళ్ళది గదరా. వాళ్ళమ్మ ఆడ చెట్ల చాటునుంచి చూస్తాంది. వచ్చి పిలుచుకపోతాదిలే," అని పెదనాన్న ఇంజను కూడా ఆపేశాడు.

తల్లి తీరిగ్గా వచ్చి పిల్లను తీసుకుపోయింది.

ఆత్మకూరులో ఆడపెళ్ళివారు కంగారుగా రోడ్డు మీదే నిలబడి ఉన్నారు. వాళ్ళు కనబడగానే పెదనాన్న, అడవి పొడవునా దాచుకున్న హారనంతా పెళ్ళి పందిరి దాకా చెయ్యి తియ్యకుండా మోగించాడు.