అనుమానితుల కాగితంలో ఎనిమిదో పేరు

సూపర్‌వైజరమ్మ పోయిందని మొన్న దేవరకొండ నుంచి ఫోన్ వస్తే నేను నమ్మలేదు. నువ్వెవరు, నా నెంబరు నీకెక్కడిది అని అడిగి, పెట్టేసి, ఇంకో ఇద్దరిని అడిగి కనుక్కున్నాను. పోలీసు కొలువులో రిటైరైనవాడికి ఈ రోగం చచ్చేదాకా పోదు. మూడో మనిషి కూడా అదే మాట చెప్పాక చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఆమె దేవరకొండ సర్కారు దవాఖానలో హెల్త్ సూపర్‌వైజర్. తెలంగాణ వచ్చిన కొత్తలో నేనక్కడ ఎస్సైని. దేవరకొండ అవతల ఒక ఊళ్లో గొర్రెలు వరసగా చచ్చిపోతున్నాయనీ, వాటిని కోసినవాళ్ల ఒంటి మీద నల్లటి పుండ్లు లేస్తున్నాయనీ కబురొచ్చింది. గొర్రెలు నీళ్లు తాగే తొట్టి దగ్గర తెల్లటి పొడి కనిపించిందట. గిట్టనివాళ్లెవరో రోగం అంటించే మందు చల్లారని ఊరంతా ఒకటే గోల. ఎవరైనా కావాలని చేశారేమో తేల్చమని పైనుంచి నాకు ఆర్డరు. నేను వెళ్లేసరికే ఆమె అక్కడుంది. నాకంటే ముందు ఈమెకెవరు చెప్పారు? నా మొదటి అనుమానం ఆమె మీదే.

ఎవరికి ఎవరితో పగ ఉందని నేను అడుగుతున్నాను. ఆమె మాత్రం, "గొర్రెను ఎవరు కోసిండ్రు? తోలు ఎవరు తీసిండ్రు? కూర ఎవరు వండిండ్రు?" అని ఇల్లిల్లూ తిరుగుతోంది. నా సాక్షులను నా కళ్లముందే పాడు చేస్తోందని మండిపోయింది నాకు.

"ఎస్సై సారూ, నీ అనుమానం నీది, నా అనుమానం నాది. ఇద్దరం ఒక్కకాడ కూసొని చెప్పుకుంటె పాయె గద" అంది.

నేను కూర్చోలేదు. పొడిని పొట్లం కట్టించాను. రెండు గొర్రె తోళ్లను నా చేతులతోనే గోనెసంచిలో వేసి, లక్క సీలు కొట్టి, సాక్ష్యమని స్టేషన్‌కు తెచ్చి బల్ల కింద పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున ఆమె దగ్గర నుంచి ఒక కాగితం వచ్చింది. పైన గుండ్రటి అక్షరాలతో 'అనుమానితులు' అని ఉంది, కింద ఏడు పేర్లు. పరవాలేదు, పనికొచ్చే మనిషే అనుకున్నాను. జీపు పంపి ఆరుగురిని పట్టి తెప్పించి బెంచీ మీద కూర్చోబెట్టాను. ఏడోవాడు గొర్ల కాపరి. జీపును చూసి పారిపోయాడు. ఇక వాడే చేశాడని తేల్చేశాను.

గంటలో ఆమె రొప్పుకుంటూ వచ్చింది.

"ఏం జేసినవ్ సారూ! గాళ్లకు రోగం అంటిందని నా అనుమానం. నేరం జేసిండ్రని గాదు!"

మా స్టేషన్‌లో ఆ మాటకు ఒక్కటే అర్థం. దవాఖానలో ఇంకోటి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. ఆమె చూపు బల్ల కింది సంచి మీద పడింది. "గా తోళ్లను ఎవరు ముట్టిండ్రు?" అని అడిగింది. నేనే అన్నాను. బల్ల మీది కాగితం తీసుకుని కింద ఎనిమిదో పేరు రాసింది.

"నా పేరు గిండ్ల రాస్తవా?" అని లేచాను.

"కోపం తర్వాత జేసుకో. పారిపోయినాయనకు పుండు మెడ మీద ఉన్నది. ఇయ్యాల మందు పడకపోతె బతుకడు."

జీపు తాళాలు అందుకున్నాను. ఆ మనిషి చస్తే చంపింది నేనే.

ఆరుగురినీ దవాఖానకు పంపి, ఇద్దరం కాపరి ఇంటికి వెళ్లాం. కాపరి భార్య గడపలో కూర్చుని, "నాకెర్కలే" అన్న మాట తప్ప ఇంకోటి చెప్పదు. సూపర్‌వైజరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "నీ బట్టలను జూసి భయపడ్తాంది. తప్పు నాదని నలుగుర్ల జెప్పు" అంది. ఖాకీ తొడిగాక నేనెన్నడూ అనని మాట అది. టోపీ తీశాను.

"అమ్మా, తప్పు నాది. నీ పెనిమిటి ఏం జెయ్యలే. ఆయనకు మందియ్యాలె, గంతే."

కాపరి భార్య నన్ను ఎగాదిగా చూసింది. ఇదేదో ఎత్తుగడ అనుకుని ఉంటుంది. ఆమె స్థానంలో ఉంటే నేనూ అలాగే అనుకునేవాణ్ని. చివరకు పత్తిచేలో మంచె వైపు చెయ్యి చూపించింది. అప్పటికే అతని మెడ వాచిపోయింది. నల్గొండ దాకా జీపు నేనే నడిపాను. అతను బతికాడు. గొర్రెలను చంపింది మట్టిలోంచి వచ్చే ఆంత్రాక్స్ రోగమనీ, ఆ తెల్లపొడి తొట్టి కడగడానికి సూపర్‌వైజరమ్మ సిబ్బంది చల్లిన బ్లీచింగేననీ తేలింది. "గట్లయితె నన్నే పట్టుకపో సారూ" అని ఒకటే నవ్వు.

అప్పటి నుంచి ఇలాంటి కబురు ఏదొచ్చినా ముందు ఇద్దరం కూర్చునేవాళ్లం. ఆమె సంచిలో సబ్బుబిళ్ల ఉండేది. కానిస్టేబుళ్లంతా చేతులు కడుక్కుంటే తప్ప చాయ్ ముట్టనిచ్చేది కాదు. నేను సారును కాస్తా తమ్మీనయ్యాను.

ఆమె మోత్కూర్‌లో మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి. మందు గోలీల పొట్లాలకు వాళ్లన్న మగ్గం మీది నూలుపోగుతో ముడి వేసేది. కోస్తే తప్ప ఊడదు. తోళ్లు ముట్టినందుకు నాకూ ఒకటి ఇచ్చింది. రోగం లేనివాడికి మందెందుకని, అందులో ఏముందో అని, సొరుగులో పడేశాను. బదిలీ అయినప్పుడు అది అక్కడే ఉండిపోయింది. కనిపించినప్పుడల్లా, ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా, ఆమె అడిగే మొదటి మాట ఒకటే.

"తమ్మీ, గోలీలన్నీ మింగినవా?"

"మింగిననక్కా."

ఇన్నేళ్లూ అది మా ఇద్దరి మధ్య పరాచికమనే అనుకున్నాను.

నిన్న ఆమె ఇంటికి వెళ్తే కాపరీ అతని భార్యా అరుగు మీద కూర్చుని ఉన్నారు. జరిగి నాకూ జాగా ఇచ్చారు. సూపర్‌వైజరమ్మ బిడ్డ ఒక పాత నోటుబుక్కు తెచ్చి, "మీ పేరున్నదని అమ్మ దీన్ని పారెయ్యనియ్యలే" అంటూ చేతిలో పెట్టింది. లోపల ఆ కాగితమే అతికించి ఉంది. 'అనుమానితులు' అన్న మాట కొట్టేసి, పైన 'మందు అందవలసినవాళ్లు' అని రాసుకుంది. ఏడు పేర్ల పక్కన ఏడు టిక్కులున్నాయి. నా పేరు పక్కన పెన్సిల్‌తో పెట్టిన ప్రశ్నార్థకం ఉంది. అడిగినప్పుడల్లా మళ్లీ మళ్లీ దిద్దిందేమో, కాగితం అక్కడ చిరిగేటంత పలచబడింది.