మన జట్టు గెలుస్తదా అని అడిగిన అక్క

మా గట్టు మండలం దిక్కు ఆడపిల్ల రగ్బీ ఆడిందంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. గద్వాల కాలేజీలో మా పీఈటీ సార్ కబడ్డీ ఆడే పిల్లలను పిలిచి, కోడిగుడ్డు ఆకారపు బంతి చేతికిచ్చి ఉరకమన్నాడు. ఉరికాను. "బొప్పాయి పండు సంకల పెట్టుకొని ఉరుకుడు గూడ ఒక ఆటేనా?" అని మా అక్క ఒకటే నవ్వు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. కొన్ని నెలలకే హైదరాబాదులో సెలెక్షన్‌కు పోయి వచ్చాను. దేశం జట్టు శిబిరానికి తీసుకుంటే ఇంటికి ఉత్తరం వస్తుందన్నారు.

దేశం ఆడపిల్లల జట్టు ఆ చలికాలం మొదట్లోనే బయటి దేశంలో టోర్నీ ఆడబోతున్నది. "మన పిల్లలకు బలముంది గని, గ్రౌండు అంచు పట్టుకొని ఉరికేటోళ్లు లేరు. నువ్వుంటే రెండు మ్యాచులన్న గెలుస్తం, బిడ్డా" అన్నాడు సార్. ఆ మాట నా నెత్తికెక్కింది. దేశం గెలుపు నా కాళ్లలోనే ఉందని నిజంగా నమ్మాను. పదిహేడేళ్ల పొగరు మరి.

అవి విత్తనాల పత్తికి క్రాసింగ్ చేసే రోజులు. సాయంత్రం మొగ్గ విప్పి పుప్పొడి కాడలు గిల్లేసి, గుర్తుకు ఎర్ర కాయితం తొడగాలి. తెల్లారి మగ పువ్వు తెచ్చి దానికి అద్దాలి. ఒక్క పూట తప్పితే ఆ పువ్వు పోయినట్టే. అందుకే ఆ రోజుల్లో మా దిక్కు దగ్గరి చుట్టం పోయినా చేను విడిచి కదలరు. కాలేజీ మాని నేనూ చేన్లోనే ఉన్నాను; పది సాళ్లు నావి, పక్క పది అక్కవి. పువ్వులు అద్దుతూ రోజూ అక్కే అడిగేది: "ఏమే, మన జట్టు గెలుస్తదా?" ఇక నేను మొదలుపెట్టేదాన్ని. మొదటి మ్యాచ్ మనదే, రెండోది కష్టం, మూడోది మనం అలిసిపోకుంటే చూడాలి. అక్క ఊ కొట్టేది. "ఉత్తరం ఇంకా రాలేదా?" అని నేనంటే "వస్తే చెప్పనా?" అనేది.

క్రాసింగ్ అయిపోయాక కాలేజీకి పోతే సార్ నా మొహం చూడలేదు.

"రాబుద్ధి లేకుంటె నాతోని చెప్పొద్దా? మీ అక్కతోని ఫోన్ చేపిస్తవా?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. ఉత్తరం క్రాసింగ్ మొదటి వారంలోనే వచ్చిందట. మా చెల్లెకు ఇష్టం లేదని అక్క రూపాయి డబ్బా ఫోన్ నుంచి చెప్పిందట. జట్టు పోయింది, ఆడిన మ్యాచులన్నీ ఓడి వచ్చింది.

ఇంటికొచ్చి అడిగితే నాయిన బీడీ ముట్టించుకొని బయటికి పోయాడు. ఆయన మీద నాకంత కోపం రాలేదు, ఆయనకు చేను తప్ప వేరే లోకం తెలియదు. అక్క తన ట్రంకుపెట్టెలో చీరల కింది నుంచి ఉత్తరం తీసి ఇచ్చింది.

"నాయిన చెప్పొద్దన్నడు. నువ్వు పోతే నీ పది సాళ్లు ఎవరు చేయాలె?"

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది నా పని. దాచిపెట్టడం ఒక ఎత్తు. అన్నీ తెలిసి, రోజూ నాతో ఆ మ్యాచులు ఆడించి విన్నదే, అది నేను ఇప్పటికీ మింగలేను.

"ఎట్లయిన ఓడిపోయిండ్రు గదనే" అంది, బుజ్జగిస్తున్నట్టు నా భుజం మీద చెయ్యి వేసి.

ఆ చెయ్యి తీసేశాను.

"ఓడితే నేను గూడ ఓడుతుంటి గదక్కా. గా ఓడుడు గూడ నాకు దక్కనియ్యకపోతివి."