సగానికి కోసిన జోలపాట

మీరు సగం పాట విని కళ్లు తుడుచుకున్నారు. బుకాయించకండి. గోపన్‌పల్లి నుంచి బాచుపల్లి దాకా అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులన్నిటికీ పాకిన ఆ జోలపాట ముక్క మీ ఫోనుకీ వచ్చే ఉంటుంది. దీపం బొమ్మ, మల్లెపూలు, నవ్వుతున్న పెద్దావిడ ఫొటో, వెనక ఒక ఆడగొంతు. "ఎంత ప్రశాంతంగా ఉందో" అని రాసి ఇంకొకరికి పంపి ఉంటారు. ఆ పాట పాడేది మట్టి కింద పూడిపోతున్న మనిషి. ఆ సంగతి చెప్పే రెండో సగాన్ని కత్తిరించి మీకు పంపారు. తరువాత ఏమైందని మీరూ అడగలేదు.

ఫొటోలో ఉన్నావిడ మా రెండో అంతస్తు పిన్నిగారు. గురువారం పొద్దున పోయారు. గేటు దగ్గరి వాచ్‌మన్ ఇంటర్‌కమ్‌లో చెప్పాడు: "సార్, పిన్నిగారు ఇగ లేరు. దవాఖాన నుంచి ఫోనొచ్చింది."

అందరికీ ఆవిడ పిన్నిగారే, వాచ్‌మన్‌కీ, పై అంతస్తులో ఉండే కంపెనీ డైరెక్టరుకీ. కృష్ణా జిల్లా మనిషి. తండ్రి నాటకాల కంపెనీలో హార్మోనియం వాయించేవాడు. ఈవిడ తెరల వెనక పెరిగి, సర్కారు బడిలో సంగీతం టీచరుగా రిటైరై, చెల్లెలికి తోడుగా ఉండటానికి ఇక్కడికి వచ్చారు. తలుపు ఎప్పుడూ ఓరగా తీసే ఉండేది. లోపలికి వెళ్లినవాళ్లు ముందు ఫోను కుక్కర్లో పెట్టాలి. మాటవరసకి కాదు, నిజంగా కుక్కరే. మూత బిగించి, పైన విజిల్ కూడా తగిలించేవారు. "ఉడకనివ్వండి. ఈలోగా మనం మాట్లాడుకుందాం."

పత్రికలో నా వ్యాసం వచ్చిన రోజు టీకి పిలుపు ఖాయం. "ఏమయ్యా వ్యాసకర్తా, ఇవాళ ఎవర్ని తిట్టావు? వాళ్లు చదువుతారంటావా, లేక మనం మనం చదువుకుని చప్పట్లు కొట్టుకోవడమేనా?" నాకు ఒళ్లు మండేది. మళ్లీ వెళ్లేవాణ్ని.

ఆ వయసులో ఆవిడ ఒక సంగీత నాటకం రాశారు. పేరు 'సెల్లారు'. అందులో దేవుళ్లూ లేరు, రాజులూ లేరు. ఒక టవరు కింద కార్లు పెట్టే సెల్లారు కోసం గుంత తవ్వుతుంటే మట్టి విరిగిపడి ఒక కూలితల్లి ఆ మట్టి కిందే ఉండిపోతుంది. గట్టు మీద చీర ఉయ్యాలలో ఆమె బిడ్డ. పని ఆగితే నష్టమని పైన కాంక్రీటు పోసేస్తారు. టవరు లేస్తుంది, జనం చేరతారు. రోజూ సాయంత్రం నేల కింద నుంచి జోలపాట వినిపిస్తుంది. మొదట పైపుల చప్పుడు అనుకుంటారు. తరువాత అలవాటు పడతారు. ఆ తరువాత వాళ్లకి నచ్చుతుంది. చివరికి అసోసియేషన్ తీర్మానం చేసి, పాటలో చెవికి ఇంపుగా ఉన్నంత మేర కత్తిరించి, లిఫ్టులో పెట్టుకుంటుంది. లిఫ్టులో ఒక కుటుంబం, మొహాల నిండా హాయి, కింద ఆమె. తెర పడుతుంది.

"ఇది ఏ బిల్డింగులో జరిగింది పిన్నిగారూ?" అని అడిగాను.

"మీది కాదంటే హాయిగా పడుకుందామనేగా అడుగుతున్నావు," అన్నారు.

వేషాలన్నీ మా కాంప్లెక్సు వాళ్లవే. ఇద్దరు డ్రైవర్లు, వాచ్‌మన్, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేసే ఒక కుర్ర ఇంజనీరు. తల్లి పాట మా బ్లాకు ఊడ్చే నాగర్‌కర్నూలు అక్కది. పిన్నిగారు మొదట ఆ పాటని పుస్తకాల తెలుగులో రాశారు. అక్క రెండు లైన్లు పాడి ఆపింది. "అమ్మా, గిట్ల పాడితె పిల్ల నిద్రవోదు, పరీక్ష రాస్తది." పిన్నిగారు కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వి కాగితం ఆమె చేతికిచ్చారు. మీరు విన్న సగం ఇద్దరూ కలిసి కట్టుకున్నది:

ఊగు ఊగు నా బంగారు, గాలి ఊపుతది
అమ్మ చేతులు ఖాళీ లేవు, గాలే ఊపుతది

మీకు పంపని సగం ఇది:

నోట్ల మన్ను నిండింది, పేరు వెట్టి పిలువలేను
నా మీద ఇల్లు గట్టెటోళ్లను జర నువ్వే పిలువు

మా క్లబ్‌హౌస్‌లో ఆడనివ్వలేదు. నెగెటివ్ ఎనర్జీ అన్నారు. ఫ్లాట్ల రేటు పడిపోతుందని ఒకాయన అన్నాడు, ఆయనొక్కడూ నిజం చెప్పాడు. కొత్తగూడ దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో ఒకే ఒక్కసారి ఆడారు. మన పద్యనాటకాల అలవాటు మీకు తెలుసుగా: పద్యం నచ్చితే జనం 'వన్స్‌మోర్' అంటారు, స్టేజీ మీద చచ్చి పడున్నవాడు కూడా లేచి, గొంతు సవరించుకుని మళ్లీ పాడి, మళ్లీ చస్తాడు. ఆ రోజు జోలపాట అయిపోయి అక్క మీద మట్టికి బదులు గోనెసంచుల గుట్ట పడగానే వెనక వరుస నుంచి ఒక పెద్దాయన గట్టిగా "వన్స్‌మోర్" అన్నాడు. ఇంకో నలుగురు అందుకున్నారు. గోనెల కింద అక్క కదిలింది, లేవాలేమో అనుకుంది పాపం. పిన్నిగారు హార్మోనియం మీద నుంచి చెయ్యి తీసి, లేచి నిలబడి, జనం వైపు తిరిగారు.

"చచ్చినవాళ్లు లేవరండీ. కూర్చోండి."

ఆ పెద్దాయన కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఎవరూ హాలు ఇవ్వలేదు.

అందుకే రికార్డు చేశారు. స్టూడియో లేదు, పిన్నిగారి ముందుగదే స్టూడియో. కుర్ర ఇంజనీరు ల్యాప్‌టాప్‌లో పట్టాడు. మట్టి జారే చప్పుడు కోసం చేటలోంచి బియ్యం పోశారు. అంతా అయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం పాడినవాళ్లందర్నీ పిలిచి, ఫోన్లు కుక్కర్లో పడేసి, ఫ్యాను ఆపేసి, మొదటి నుంచి వినిపించారు. ఎండాకాలం. చెమటలు కారుతున్నాయి. డ్రైవర్లిద్దరూ మొదట తమ గొంతులు విని ఒకర్నొకరు పొడుచుకుని నవ్వారు. జోలపాట దగ్గరికి వచ్చేసరికి ఎవరూ నవ్వలేదు.

మొదటి రెండు లైన్లకి మట్టి చప్పుడు లేదు. మూడో లైను దగ్గర బియ్యం మొదలైంది. బియ్యమని నాకు తెలుసు, పోసింది మా వాచ్‌మనేనని తెలుసు, అయినా కాళ్లు పైకి ముడుచుకున్నాను. పాట మీద అది పెరుగుతూ వచ్చింది. అక్క తన గొంతు తనే వింటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లేచి తలుపు దాకా వెళ్లింది. "బంద్ జెయ్యమ్మా," అంది. "నా పానం పోయినట్టయితుంది."

పిన్నిగారు ఆపలేదు. లేచి వెళ్లి అక్క పక్కన నిలబడి ఆమె చెయ్యి పట్టుకున్నారు. 'పిలువు' అనే మాట మధ్యలో గొంతు తెగిపోయింది. తరువాత వట్టి బియ్యం. తరువాత అదీ లేదు. అప్పుడు, రికార్డులోనే, లిఫ్టు తలుపు తెరుచుకునే చప్పుడు.

ముందు నేనే నోరు తెరిచాను, నాకు అలవాటు కదా. ఇంత చీకటి జనానికి ఏం పనికొస్తుంది, చివర కూలీలంతా లేచి నిలబడే ఒక పాట ఉండాలి కదా అన్నాను. ఆశ లేని కళ ఎవరికి లాభం అని కూడా అన్నాను.

"ఆశ నువ్వు వ్యాసంలో రాసుకో," అన్నారు పిన్నిగారు. "ఆవిణ్ని ఎవరైనా బయటికి తీశారా? తీశాక చెప్పు, ఆ పాట నేనే కడతాను."

ఆ వాదనలో నేను పూర్తిగా ఓడిపోయానని ఇప్పటికీ ఒప్పుకోను. కానీ ఆ రోజు ఆవిడ అందరి ముందూ పెట్టిన షరతు మాత్రం నాకు గుర్తుంది. "ఇది వింటే మొత్తం వినాలి. లేదంటే అసలు వినొద్దు. నేను పోయాక కూడా ఇదే మాట."

ఆవిడ పోయిన సాయంత్రమే ఆ మాట పోయింది. జ్ఞాపకంగా ఉంచుకుంటామని అడిగి కుర్ర ఇంజనీరు దగ్గర ఫైలు తీసుకున్న మా అసోసియేషన్ సెక్రటరీ, మొదటి రెండు లైన్లు కోసి వీడియో చేశాడు. మర్నాటి నుంచి, నమ్మండి నమ్మకపోండి, ఆ ముక్కని మా లిఫ్టులో పెట్టాడు. నివాళి అట.

సెక్రటరీని లాబీలో పట్టుకున్నాను. "ఆ నాటకం మీరు చూశారా?"

"లేదు సార్. ఆరోజు ఆఫీసుల సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉండె."

"చివర్లో ఏం జరుగుతుందో తెలుసా?"

"ట్రిబ్యూట్ కదా సార్, జర పాజిటివ్‌గ ఉండాలె. చిన్నపిల్లలు ఎక్కుతరు లిఫ్టుల. మిగతాది పెడితె భయపడ్తరు."

"భయపడాలనే రాశారండీ ఆవిడ."

"మీకు అన్నిట్ల పాలిటిక్సే కనిపిస్తది సార్," అని నవ్వి, లిఫ్టెక్కాడు. తలుపులు మూసుకునేలోగా పాట మళ్లీ మొదలైంది.

ఈయన దుర్మార్గుడని నేననడం లేదు. పిన్నిగారికి ఒంట్లో బాగాలేనప్పుడు కారులో దవాఖానకి తీసుకెళ్లింది ఆయనే. అదే నా భయం. పిన్నిగారి నాటకంలో కూడా పాట కోసినవాళ్లు దుర్మార్గులు కారు, మంచివాళ్లే.

నిన్న అక్క మెట్ల మీద కూర్చుని ఉంది. లిఫ్టు ఊడవడానికి పోలేదని సూపర్‌వైజర్ మందలించాడట. "పోతె నా గొంతే నా మీద పడ్తుంది సార్. రెండు ముక్కలకు ఆగుతది, మల్ల మొదలైతది. పొద్దంతా నన్ను లేపుడే. అమ్మ ఉంటె ఊకుండునా?"

"ఆదివారం సంతాప సభలో నన్ను చెప్పమంటావా?"

"మీరెందుకు? మైకిస్తె నేనే జెప్త. కానీ ఆదివారం నాకు గేటు కాడ డ్యూటీ ఏసిన్రు."

ఆ సంతాప సభలో ఏం వినిపిస్తారన్నది ఇంకా తేలలేదు. కోసిన ముక్కే వినిపిస్తే, పిన్నిగారిని మనమే పూడ్చినట్టు లెక్క. కాబట్టి ఆ సభకి వచ్చేవాళ్లకీ, ఆ ముక్కని ఇంకొకరికి పంపిన మీకూ చెబుతున్నాను.

లిఫ్టులో ఆ పాట ఈ రోజే ఆపండి.

మీ ఫోన్లో ఉన్న ముక్క తీసేయండి. ఎవరికి పంపారో వాళ్లకి, అది సగమేనని చెప్పండి.

ఆదివారం 'సెల్లారు' మొదటి నుంచి చివరి దాకా వినిపించండి. మధ్యలో ఆపొద్దు.

పాడిన అక్కకి ఆ రోజు డ్యూటీ వేయొద్దు. మైకు ముందు ఆమెకివ్వండి, తరువాతే సెక్రటరీకి.

సభ క్లబ్‌హౌస్‌లో వద్దు, కింద సెల్లారులో పెట్టండి. కార్లన్నీ బయటికి తీయండి. కుర్చీలు వేయొద్దు. చెప్పులు విప్పి, ఆ నేల మీదే కూర్చోండి.