రెండో కాలి చప్పుడు

మా పక్కింటి పెద్దనాయన పోయారన్న కబురు పోయిన వారం గద్వాలలో, బడిలో పాఠం చెబుతుండగా అందింది. ఫోన్‌లో వాళ్లమ్మాయి, నాకు అక్క వరస, ఏడవలేదు. "నాయిన పోయిండు చెల్లె. జర జల్ది రా" అంది, అంతే. మా ఊరు గోపాల్‌పేట చేరేదాకా బస్సులో నా కుడిపాదాన్నే చూసుకుంటూ కూర్చున్నాను. అది ఇవాళ నేల మీద సరిగ్గా ఆనుతోందంటే ఆయన వల్లనే.

ఆయన వనపర్తిలో ఒక దవాఖానలో ఎక్స్‌రేలు తీసేవారు. సెలవు దొరికితే మధ్యాహ్నమంతా అరుగు మీద కళ్లు మూసుకుని కూర్చునేవారు. నిద్ర కాదు. దారిన పోయేవాళ్ల అడుగులు వినేవారు. "మడిమ పడుతుంది గని, మునివేళ్లు తోస్తలేవు" అని తనలో తానే గొణుక్కునేవారు. చిన్నప్పుడు ఆ అరుగు దాటేదాకా మేం పరుగెత్తేవాళ్లం.

నేను డిగ్రీ చదివే రోజుల్లో, గడ్డిమోపు మోస్తూ చేనులోంచి వస్తుంటే మునివేళ్లు నాగటి సాలులో ఇరుక్కున్నాయి. మోపుతో సహా ముందుకు పడ్డాను. పాదం నడుమ ఏదో టక్కుమంది. డాక్టరు ఎక్స్‌రే చూసి, విరగలేదు, బెణికిందంతే అన్నాడు. అమ్మ పసుపూ సున్నమూ పట్టువేసి కట్టు కట్టింది. ఐదోనాడు కుంటుకుంటూనే పెద్దనాయనకు మజ్జిగ తీసుకెళ్లాను.

నడిమధ్యాహ్నం. వాకిట్లో పిట్ట కూడా లేదు. ఆయన కళ్లు తెరవకుండానే అడిగారు.

"నీ ఎనక ఎవలు బిడ్డా?"

తిరిగి చూశాను. "ఎవ్వల్లేరు పెద్దనాయనా."

"ఉన్నరు. ఒక కాలు చప్పుడు నీది. రెండోది నీది గాదు."

చెంబు అరుగు మీద పెట్టి మళ్లీ వెనక్కి చూశాను. ఆయన లేచి నన్ను కూర్చోబెట్టి కట్టు విప్పారు. పైన వాపు జోలికే పోకుండా కాలెత్తి అరికాలు చూశారు. సరిగ్గా నడుమ, ఏ దెబ్బా తగలని చోట, నీలిమచ్చ. మునివేళ్ల మీద లేవమన్నారు. లేవబోతే ప్రాణం పోయినంత పనైంది.

"ఫొటో పండవెట్టి తీసిన్రా?"

"ఔ."

"పండుకుంటే ఎముకలు గూడ పండుకుంటయి బిడ్డా. బరువు పడితేనే నిజం జెప్తయి. రెండు కాళ్లు పక్కపక్కన వెట్టి, నిలవెట్టి తియ్యాలె. ఇగ ఈ కాలు కిందవెట్టకు."

మర్నాడు ఆయనే ఆటోలో వనపర్తి తీసుకెళ్లారు. నిలబెట్టి తీస్తే, బొటనవేలి వరస ఎముకకూ దాని పక్కదానికీ నడుమ సందు కనబడింది. ఎడమపాదంలో అది లేదు. ఇంకొన్నాళ్లు నడిచి ఉంటే పాదం నడుమ కూలిపోయేదని ఎముకల డాక్టరు అన్నాడు. ఆపరేషన్ చేసి స్క్రూలు వేశారు. రెండు నెలలు కాలు కింద మోపలేదు.

మళ్లీ నడిచిన రోజు అడిగాను, ఎట్లా తెలిసిందని. అప్పుడు చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మల్దకల్ వైపు నుంచి ఒక కూలీ ఆమె ఇదే దెబ్బతో వచ్చిందట. పడుకోబెట్టి ఫొటో తీశారు. ఏమీ కనబడలేదు. అరికాలు నల్లబడిందని ఆమె మొత్తుకున్నా ఎవరూ చూడలేదు.

"నేను గూడ సూడలే" అన్నారు.

ఆమె మళ్లీ పనికి పోయింది. ఏడాదికి చదునైపోయిన పాదం ఈడ్చుకుంటూ వచ్చింది. కొన్నేళ్లకు జ్వరంతో చనిపోయింది.

"అప్పటి సంది ఆ నడక ఇనవడుతది బిడ్డా. రోజూ పగటిపూటనే. ఒక అడుగు, ఒక ఈడ్పు. గేటు దాకొస్తది, ఆగుతది."

పాలవాడి గురించి చెప్పినంత మామూలుగా చెప్పారు. గేటు వైపు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ తర్వాత కూడా ఆయన దారిలో కుంటేవాళ్లను ఆపి, చెప్పు విప్పించి అరికాళ్లు చూస్తూనే ఉన్నారు. పిచ్చి అన్నారు కొందరు. ఆయన పంపితే వేళకు దవాఖాన చేరి, బాగై, చేలల్లో తిరుగుతున్నవాళ్లు ఇప్పటికీ మా చుట్టుపక్కల ఉన్నారు.

పోయిన నెల ఆయన్ను చూడటానికి వెళ్లాను. మంచానికి అతుక్కుపోయి ఉన్నారు. పలకరించబోతే చెయ్యెత్తి ఆపి, బయటి వైపు చెవి ఒగ్గారు.

"ఇయ్యాల సక్కగ నడుస్తుంది. గేటు తీస్తుంది సూడు" అన్నారు. ఆయన కంట్లో నీళ్లు, మొహంలో నవ్వు. గొళ్లెం కదిలిన చప్పుడు నాకూ వినబడింది. గాలే అయి ఉంటుంది.

దహనం అయ్యాక సాయంత్రం అక్కా నేనూ ఆయన గదిలో కూర్చున్నాం. పడమటి కిటికీకి పగిలిన అద్దం బదులు పాత ఎక్స్‌రే ఫిల్ము అంటించి ఉంది. రెండు పాదాలు.

"ఎవరివక్కా?"

"నాయినవే. రిటైరైన నాడు నిలవడి తీయించుకున్నడు."

పొద్దు వాలుతోంది. ఫిల్ములోంచి ఎండ, ఎముక ఎముకగా ఖాళీ మంచం మీద పడింది. మేం చూస్తుండగానే ఆ రెండు పాదాలు మంచం దిగి, గచ్చు మీదుగా గడప వైపు మెల్లగా జరిగాయి.