గోబర్ గ్యాస్ పొయ్యి మీద పాలు పొంగిన రోజు

నా చిన్నప్పుడు మా పెరట్లో ఒక ఇనుప డ్రమ్ము రోజురోజుకూ పైకి లేస్తూ ఉండేది. దాన్ని చూస్తే నాకు అన్నం సయించేది కాదు. మా ఊరు బళ్ళారి దగ్గర, హగరి ఏటి పక్కన. ఆ డ్రమ్మును తెచ్చిపెట్టింది మా చిన్నాయన. బావి మాదిరి గుంత తవ్వించి, అందులో పేడ, నీళ్లు కలిపి పోయించి, పైన డ్రమ్మును బోర్లించినాడు. లోపల గ్యాస్ పుట్టేకొద్దీ డ్రమ్ము లేస్తుందని, ఆ గ్యాస్ గొట్టంలో వంటింటికి వచ్చి మండుతుందని చెప్పినాడు. నాకు మాత్రం అది ఉబ్బుతున్నట్టే కనపడేది. ఉబ్బింది ఏదైనా పగలక మానదు కదా.

అంత భయంలోనూ దాన్ని వద్దనడానికి నోరు రాలేదు, ఎందుకంటే అదంతా మా అమ్మ కోసం. ముళ్ళజాలి, అంటే తుమ్మ కట్టెలు, పిడకలు పెట్టి ఇంటిల్లిపాదికీ వండేది ఆమే. పొగకు కళ్ళు ఎర్రబడి, దగ్గీ దగ్గీ గోడకు ఆనుకొని కూర్చునేది. పొగ మానకపోతే మనిషి దక్కదని బళ్ళారి డాక్టరు మా నాయనకు మొహం మీదే చెప్పి పంపినాడు. చిన్నాయన ఇంకో మాట కూడా అనేవాడు. గుట్ట మీద చెట్టన్నది లేకుండా కొట్టేస్తిమి, చేనుకు పోవాల్సిన పేడను కాల్చి బూడిద చేస్తిమి, గ్యాస్ తీసుకున్నంక కూడా ఆ పేడ ఎరువుగా పనికొస్తాది కదా అని ఇంట్లో అందరితో వాదించేవాడు.

మా పక్కింటి పెద్దాయన భయమేస్తే కన్నడంలోకి దిగేవాడు. "బేడప్పా, బేడ! ఇల్లూ గొడ్లూ కలిసి ఎగిరిపోతాయి" అని గోడ మీంచి రోజూ వద్దనేవాడు. ఎగిరిపోయేటప్పుడు పొయ్యి కాడ ఉండేది మా అమ్మే కదా అని నాకు పగలంతా అదే ధ్యాస. నిద్రలో కూడా ఆ డ్రమ్మే.

వెలిగించే రోజు మా జేజి, అంటే మా నాయన తల్లి, అమ్మను జరగమని తానే పొయ్యి ముందు కూర్చుంది. "ఏమన్నా అయితే నాకే కానీ. నేను పండుటాకును. నీకు పిల్లలుండారు" అనింది. ముందు రోజు దాకా ఆ గుంతను అందరికంటే ఎక్కువ తిట్టింది ఆమే. అగ్గిపుల్ల గీస్తే గాలికి ఆరిపోయింది. ఇంకోటీ ఆరిపోయింది. కిటికీ మూసి, తలుపు దగ్గరికి వేస్తే అప్పుడు వెలిగింది. పొగ లేదు, చిటపటలు లేవు. నీలంగా, నిమ్మళంగా మండింది.

కొత్త పొయ్యి అంటే మాలో ముందు పాలు పొంగించాల. గిన్నె అంచు దాటి పాలు నిప్పుల్లో పడి చుయ్యిమంటేనే ఇల్లు చల్లగా ఉంటుందని మా నమ్మకం. అందరం దండం పెట్టుకొని నిలబడినాము. పాలు పొంగినాయి, పొయ్యి నిండా పారినాయి, మంట ఆరిపోయింది. కట్టెల పొయ్యికి పొంగిన పాలు ఒక లెక్క కాదు, ఈ సన్నటి మంటకు అవే ఎక్కువైనాయి. అది ఎవరికీ తట్టలేదు. శుభం జరిగిందని అమ్మ నవ్వుతానే, మళ్ళీ వెలిగిద్దామని అగ్గిపెట్టె తీసుకునింది.

పుల్ల గీయబోతుంటే జేజి ఆమె మణికట్టు గట్టిగా పట్టుకునింది. "ఆగు. ఏందో కంపు వస్తాండాది. మంట లేదు, గొట్టం కట్టేయలేదు. మరి ఆ గ్యాసు యాడికి పోయింటాది? ఈడనే ఉండాది." చెప్తానే పొయ్యి కీ తిప్పి కట్టేసింది, కిటికీ, తలుపు బార్లా తెరిచింది, మమ్మల్ని బయటికి తోసింది. కుళ్ళిన గుడ్డు వాసన నాకు అప్పుడు తెలిసింది. అమ్మ ఆ పుల్ల గీసి ఉంటే ఏమయ్యేదో అర్థమై, పెరట్లో ఆమె కొంగు పట్టుకొని ఎక్కెక్కి ఏడ్చినాను.

అమ్మ అగ్గిపెట్టె జేజి చేతిలో పెట్టేసి, తనకు ఆ పొగే మేలు, ఇది వద్దనింది. డ్రమ్ము దగ్గర ఉన్న చిన్నాయన పరిగెత్తుకొచ్చి, సంగతి తెలిసి అరుగు మీద కూలబడినాడు. గుంత పూడ్చడానికి పార తెస్తానన్నాడు పక్కింటాయన. ఆ పూట జేజి ఊఁ అని ఉంటే మా అమ్మ మళ్ళీ పొగలోకే పోయేది.

జేజి ఊఁ అనలేదు. కంపు పోయేదాకా బయటే కూర్చుని, లోపలికి పోయి పొయ్యి తుడిచి, నన్ను పిలిచింది. నేను రానంటే చెయ్యి పట్టి తీసుకుపోయి, ఆ చెయ్యి తన రొమ్ము మీద ఆనించుకునింది. లోపల దడదడా కొట్టుకుంటూ ఉంది. "నాకూ భయమే పాపా. భయముంది కాబట్టే కంపు తెలిసింది. భయం లేనోళ్లను ఈ పొయ్యి కాడికి రానీకు" అని, ముందు పుల్ల గీసి, తర్వాత కీ తిప్పింది. నేను గట్టిగా కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి మంట వెలుగుతూ ఉంది, మేమూ ఉన్నాము.

ఆ తర్వాత మా ఇంట్లో పాలు అంచు దాటలేదు. పొంగు అంచు దాకా రాగానే కీ తగ్గించి దండం పెట్టుకునేది జేజి. దేవుడికి అంత మాత్రం చాలు అనేది. అమ్మ దగ్గు మెల్లమెల్లగా తగ్గింది. ఆమె ముసలిదై, అదే మంట మీద నా బిడ్డకు పాలు కాచి పోసింది.

ఇప్పుడు నేను ఆనాటి జేజి కన్నా పెద్దదాన్ని. మనవళ్ళు మిద్దె మీద సోలార్ పలకలు పెట్టించినారు, కరెంటుతో నడిచే బండి తెచ్చినారు. కొత్తది ఏది గడప తొక్కినా నాకు గుండె దడే, అవ్వ పిరికిది అని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. వాళ్ళను వెనక్కి జరగమని, దడదడలాడే గుండెతో ముందు నేనే మీట నొక్కుతాను.