గుర్వయ్యకు తత్వం తెలిసిన పూట

అచ్చంపేట దాటాక మా ఎర్రబస్సు టైరు పంక్చరైంది. దిగి రోడ్డుపక్క బండ మీద కూర్చుంటే, అదే బస్సు దిగిన, గొంగడి భుజాన వేసుకున్న మనిషి వచ్చి పక్కన చతికిలబడ్డాడు. పేరు గుర్వయ్య, గొర్లు కాస్తాడు. ఒళ్లో ఎర్రగుడ్డలో చుట్టిన పుస్తకం. పుస్తకం కనబడితే నేను ఊరుకోగలనా? ఏమిటని అడిగేశాను.

"తత్వాల పుస్తకం సారూ. గురువుకు వాపసు ఇయ్యవోతున్న."

అక్షరాస్యత ఉద్యమం నడిచిన రోజుల్లో, యాభై దాటిన వయసులో, ఈయన రాత్రిబడికి పోయి ఓనమాలు దిద్దింది ఈ పుస్తకం కోసమేనట. గురువు ఐలేశం తన చేత్తో రాసిచ్చాడు. చదవడమైతే వచ్చింది. మొదటి తత్వంలోనే బండి దిగబడింది: "వెదకనివానికి లేదు, వెదికినంతనె రాదు."

గురువునడిగితే, "నువ్వు చదువుతుండు, అర్థం ఆయన ఇస్తడు" అని ఆకాశంకేసి చూపిస్తాడట. ఏళ్లుగా చదివాడు. ఆయన ఇవ్వలేదు. భజనకాడ "ఏందే గుర్వయ్యా, దేవుడు పలికిండా?" అని ఎక్కిరింపులు. భార్య గోపమ్మది ఇంకో పోటు: "అర్థం ఆయనే ఇస్తే, గొర్లను గూడ ఆయన్నే కాయమను."

"నాతోని కాదని పుస్తకం కాళ్లకాడ వెడత. మళ్ల భజన మొకం సూడ," అన్నాడు.

శ్రీరంగం నుంచి కాశీ దాకా తిరిగినవాణ్ణి, నా నోరు ఊరుకోదు. పండితులు ఈ పేచీ మీదే వందల ఏళ్లు వాదించుకున్నారని మొదలుపెట్టాను. కోతిపిల్ల తల్లిని తానే కరుచుకుని వేలాడుతుంది, అది మన ప్రయత్నం. పిల్లికూనను తల్లే నోట పట్టుకుపోతుంది, అది దైవకృప. అక్కడినుంచి కంచి ఇడ్లీ మీదికి పోబోతుంటే ఆపాడు.

"కోతి అయింది, పిల్లి అయింది. గొర్రె లేదా సారూ అండ్ల?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నా భుజం మీదుగా ఎటో చూస్తున్నాడు.

రోడ్డవతల కోసిన చెలకలో ఎవరిదో మంద మేస్తోంది. ఒక పిల్ల తల్లి కిందికి దూరి పొదుగును కుమ్ముతోంది. పాలు రాలేదు. మళ్లీ కుమ్మింది, వెనక కాళ్లు గాలిలోకి లేచేటట్టు. తల్లి మేత ఆపింది. తల తిప్పి పిల్లను వాసన చూసింది. అప్పుడు పాలు చేపింది. పిల్ల తోక ఒకటే ఊపు.

గుర్వయ్య లేచి నా చెయ్యి పట్టి లాగాడు. "అగో సారూ, గదే, గదే. కుమ్మకుంటే చేపదు. కుమ్మంగనే వచ్చినయా మరి? పిల్లకాడ ఏం బలమున్నది, తల్లి చేపితె వచ్చినయి. అయినా కుమ్మాలె, కుమ్ముడు ఇడువొద్దు. పుట్టినకాన్నుంచి సూస్తున్న, ఇయ్యాల కండ్లవడ్డది."

"చూసింది నువ్వా, ఆయన చూపించాడా?" అన్నాను.

"సదివి సదివి నా నెత్తి పలిగింది సారూ. గప్పుడు ఆయన సూపిచ్చిండు."

"మరి పుస్తకం వాపసు?"

"ఏం వాపసు? ఇది మొదటిదే. ఎన్కాల ఇంక ఎన్ని ఉన్నయో." ఎర్రగుడ్డ విప్పి రెండో తత్వం తీశాడు.

టైరు బిగించారు. కండక్టరు అందరినీ ఎక్కమంటున్నాడు. గుర్వయ్య ఎక్కలేదు. అక్షరాల కింద వేలు జరుపుకుంటూ, పెదాలు కదుపుతూ, బస్సు వచ్చిన దారినే తన ఊరివైపు నడవసాగాడు. కిటికీలోంచి రెండుమార్లు పిలిచాను. తల ఎత్తలేదు.