నా సర్టిఫికెట్లు కొరికి చూసిన కోతి

రావలసిన ఉద్యోగాన్ని చేతులారా నీళ్ళ ట్యాంకు ఎక్కించిన మూర్ఖుణ్ణి నేను. చదువు లేక చేసిన పని కాదు. ఎమ్మెస్సీ జంతుశాస్త్రం, ఫస్టు క్లాసు.

అప్పుడు తెనాలిలో మేడ మీద ఒంటి గదిలో అద్దెకుండేవాణ్ణి. బాపట్లలో ఒక కాలేజీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. గట్టెక్కించమని ఆంజనేయస్వామికి మొక్కి, మంగళవారం మంగళవారం పాలిథిన్ కవరు నిండా అరటిపండ్లు తెచ్చి కోతులకు పెట్టసాగాను. కింది వాటాలో ఉండే ఇంటావిడ పిన్నిగారు మొదటి రోజే చెప్పారు.

"వాటికి దణ్ణం పెట్టు బాబూ, పళ్ళు పెట్టకు."

"భక్తండి, పిన్నిగారూ."

"భక్తి నీది, వంటిల్లు మాది."

నేను వింటేగా. మొదటి వారం అతిథులుగా వచ్చినవి మూడో వారానికి అధిపతులయ్యాయి.

ఇంటర్వ్యూ నాడు పొద్దున్నే చినుకులు. తడవకూడదని ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ పాలిథిన్ కవర్లో పెట్టుకుని తలుపు తీశాను. ఎదురుగా గండు కోతి. కవరు గరగరలాడితే పండు వస్తుందని దానికి పాఠం చెప్పిన గురువును నేనే కదండీ. కోరలు చూపించింది. నా వేళ్ళు వాటంతటవే కవరు వదిలేశాయి. ట్యాంకు మీద కూర్చుని అది ఒక్కో కాగితం తీసి వాసన చూస్తోంది. పదో తరగతి నచ్చలేదు. ఎమ్మెస్సీ నోట్లో పెట్టుకుంది.

"పిన్నిగారూ, నా బతుకు ట్యాంకు మీద ఉందండి."

"అరవకు. దాని కళ్ళల్లోకి చూడకు. పళ్ళు కనపడేలా నవ్వావంటే పోట్లాటకొచ్చావనుకుంటుంది."

"నవ్వేట్టు ఉన్నానా నేను?"

ఆవిడ నిదానంగా మెట్లెక్కి వచ్చి, "ఈ ఒక్కసారికే," అంటూ పక్క ఖాళీ స్థలంలోకి రెండు ఇడ్లీలు విసిరారు. కోతి కవరు వదిలి దూకింది. పదిహేడేళ్ళ చదువు రెండిడ్లీలకు చేతులు మారింది. అదీ చట్నీ లేకుండా.

బాపట్లలో ప్రిన్సిపాలుగారు ఎమ్మెస్సీ పట్టా తిప్పి తిప్పి చూశారు.

"ఈ మూల ఏమైందండి?"

"కోతి కొరికిందండి."

"మీ సబ్జెక్టు?"

"జంతుశాస్త్రమండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ప్రాక్టికల్స్ బాగానే చేసినట్టున్నారు. సోమవారం చేరండి."

ఆ సాయంత్రం మేడ మీద తూర్పుకు తిరిగి, కుడిచెయ్యి చాచి, సకల వానరాల సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో నా దణ్ణమే గాని నా పండు మీకు లేదు.

మరుసటి మంగళవారం గండు కోతి వేళకే వచ్చింది. కిటికీ అద్దం బిగించి, ఇవతల కుర్చీ వేసుకుని, అది చూస్తుండగా నిదానంగా ఒక చక్రకేళి ఒలుచుకుని తిన్నాను. మిగిలింది మూత ఉన్న డబ్బాలో వేసి, మూత మీద ఇటుక పెట్టాను. తొక్క కూడా దక్కనివ్వలేదు.